కాసాబ్లాంకా వెయిటర్ నవ్వు వెనక

'కాసాబ్లాంకా' సినిమా చూసినవాళ్లకు కార్ల్ గుర్తుండే ఉంటాడు. రిక్ కెఫేలో బొద్దు బుగ్గలతో, కళ్లజోడుతో హడావిడిగా తిరిగే ముసలి వెయిటర్. నాజీల నుంచి పారిపోయి వచ్చినవాళ్లతో నిండిన ఆ కెఫేలో ప్రేక్షకుణ్ణి నవ్వించేది అతనే. ఆ పాత్ర వేసిన ఎస్.జెడ్. సకాల్ కూడా అలా ప్రాణం దక్కించుకుని వచ్చినవారే.

1883లో బుడాపెస్ట్‌లోని ఓ యూదు కుటుంబంలో సకాల్ పుట్టారు. కుర్రతనంలోనే హాస్య నాటికలు రాశారు, ఆ తర్వాత తానే రంగస్థలం ఎక్కారు. ఆయన పెట్టుకున్న రంగస్థల నామానికి హంగేరియన్ భాషలో బంగారు రంగు గడ్డం అని అర్థం. 1920లలో వియన్నా, బెర్లిన్ నగరాల్లో నాటకాలు, సినిమాలతో మంచి పేరు తెచ్చుకున్నారు. 1933లో హిట్లర్ గద్దెనెక్కడంతో జర్మనీ వదిలి స్వదేశం చేరారు. యుద్ధం యూరప్‌ను కమ్ముకుంటున్న రోజుల్లో అదీ వదిలేసి, భార్యతో హాలీవుడ్‌కు వెళ్లారు. అప్పటికే వయసు 55 దాటింది. ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఆ తడబాటే అక్కడ ఆయన హాస్యానికి పెట్టుబడి అయింది.

1942లో వచ్చిన 'కాసాబ్లాంకా'లో ఒక చిన్న సన్నివేశం ఉంది. అమెరికా బయల్దేరుతున్న వృద్ధ దంపతులు వచ్చీరాని ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటుంటే కార్ల్ వాళ్లను మెచ్చుకుంటాడు. ఆ దంపతులుగా నటించిన లుడ్విగ్ స్టోసెల్, ఇల్కా గ్రూనింగ్ కూడా నాజీల వల్ల దేశం విడిచినవారే. తెర మీద ముగ్గురూ తమ బతుకునే హాస్యంగా చూపించారు.

యూరప్‌లో ఉండిపోయిన ఆయన కుటుంబానికి ఆ అదృష్టం దక్కలేదు. సకాల్ ముగ్గురు అక్కచెల్లెళ్లూ, ఆయన భార్య తోబుట్టువులు ఇద్దరూ నాజీ నిర్బంధ శిబిరాల్లో హతమయ్యారు.

తెర మీద మాత్రం ఆయన నవ్విస్తూనే ఉన్నారు. 1945లో 'క్రిస్మస్ ఇన్ కనెక్టికట్'లో వంటవాడు ఫెలిక్స్‌గా అలరించారు. స్టూడియో యజమాని జాక్ వార్నర్ ఆయనకు కడల్స్ అని ముద్దుపేరు తగిలించి, టైటిళ్లలోనూ వేయించారు. పసిపిల్లలా ముద్దు చేయాలనిపించే మనిషి అని దాని భావం. అరవై ఏళ్లు పైబడిన నటుడికి ఆ పేరు నచ్చలేదు. అయినా అదే నిలిచిపోయింది.

1954లో సకాల్ ఆత్మకథ వెలువడింది. తాను ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి కింద, హిట్లర్ కింద, వార్నర్ బ్రదర్స్ కింద బతికానని దాని శీర్షికలోనే చెప్పుకున్నారు. హిట్లర్ పక్కనే తన స్టూడియోను నిలబెట్టి చురక వేశారు. మరుసటి ఏడాది, 72వ ఏట, లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశారు.