క్రోఫుట్ : ఒక బ్లాక్‌ఫుట్ నాయకుని జీవితం

రెడ్ ఇండియన్లు అనగానే మన విద్యార్థుల మనస్సులలో మెదిలేవి ఆంగ్ల చలనచిత్రాలలోని ఈకల కిరీటాలు, గొడ్డళ్లు మాత్రమే. ఆ జాతులలో దూరదృష్టి గల రాజనీతిజ్ఞులు కూడా జన్మించారు. అట్టివారిలో అగ్రగణ్యుడు క్రోఫుట్.

ఆయన సుమారు 1830లో, నేటి కెనడాలోని ఆల్బర్టా మైదానాలలో, బ్లాక్‌ఫుట్ కూటమికి చెందిన కైనా తెగలో పుట్టాడు. పసితనంలోనే తండ్రి క్రో జాతివారి చేతిలో హతుడయ్యాడు. తల్లి పునర్వివాహం చేసుకొనగా ఆమె వెంట సిక్సికా తెగను చేరాడు. ఆయన పేరులోని ‘క్రో’ కాకి అని చాలామంది పొరబడతారు. అది ఆ శత్రుజాతి నామమే.

ఆనాటి బ్లాక్‌ఫుట్‌ల బ్రతుకంతా అడవిదున్న మీదనే ఆధారపడి ఉండేది. దాని మాంసమే ఆహారం, తోలే గుడారం, ఎముకలే పనిముట్లు. గుర్రాలు రాకపూర్వం మందలను కొండ అంచుకు తరిమి క్రిందికి పడద్రోసేవారు. విడిది మారినప్పుడు సామానును కుక్కలు ఈడ్చేవి. ఎండిన మాంసాన్ని దంచి, కొవ్వు, అడవిపండ్లు కలిపి శీతకాలానికి దాచుకునేవారు. వేసవిలో బంధుమిత్రులందరూ ఒకచోట చేరి సూర్యనృత్యం జరుపుకునేవారు.

క్రోఫుట్ 19 యుద్ధాలలో పాల్గొని ఆరుమార్లు గాయపడిన వీరుడు. అయితే ఆయన నాయకుడయ్యే నాటికి శత్రువు మారిపోయాడు. 1869-70లో మశూచి గుడారాలను ఖాళీచేసింది. మిగిలినవారిని వర్తకుల విస్కీ పీల్చి పిప్పిచేసింది. 1874లో వచ్చిన అశ్వారూఢ పోలీసులు ఆ వర్తకాన్ని అణచివేయడంతో ఆయనకు వారిపై విశ్వాసం కుదిరింది. ఆ విశ్వాసంతోనే 1877 సెప్టెంబరు 22న బో నది ఒడ్డున ఏడవ ఒడంబడికకు సమ్మతించాడు. ఏటా మనిషికి ఐదు డాలర్లు, ఐదుగురి కుటుంబానికి ఒక చదరపు మైలు చొప్పున భూమి! తమ పెద్దలు దీనిని శాంతి ఒప్పందంగానే తలచారు గాని భూవిక్రయంగా కాదని ఆ జాతివారు చెబుతారు. రెండేండ్లకే ఆ మైదానాలలో దున్నలు కనుమరుగైనాయి. ఆకలితో మందలను వెదకుతూ అమెరికాలోని మోంటానాకు వలసపోయి, 1881లో వట్టి చేతులతో తిరిగివచ్చారు.

ఆయన జీవితంలో నన్ను ఎక్కువగా కదిలించిన ఘట్టం వేరొకటి ఉన్నది. 1873లో ఆయన పెద్దకుమారుని క్రీ జాతివారు చంపారు. అనంతరం ఆ క్రీలలోనే మృతపుత్రుని పోలికలు గల పౌండ్‌మేకర్ అనే యువకుని చూచి, అతనిని దత్తపుత్రునిగా స్వీకరించాడు. 1885లో మేటీలు, క్రీలు ప్రభుత్వంపై తిరుగుబాటు చేసినప్పుడు పౌండ్‌మేకర్ ఆ సంఘర్షణలో చిక్కుకున్నాడు. ఒకవైపు కుమారుడు, మరొకవైపు ఆకలితో కృశించిన ప్రజలు. పోరు తన జాతికి వినాశమని గ్రహించిన క్రోఫుట్ కదలలేదు. దానిని పిరికితనమనేవారు ఆ గాయాలను మరచినవారే. పౌండ్‌మేకర్ చెరసాల పాలై, వ్యాధిగ్రస్తుడై విడుదల పొంది, 1886 జూలైలో తండ్రిని చూడవచ్చి ఆయన చెంతనే కన్నుమూశాడు.

క్రోఫుట్ సంతానంలో పలువురు రోగాలకు బలియైనారు. 1890 ఏప్రిల్ 25న ఆయన మరణించగా, ఒడంబడిక జరిగిన ఆ నదీతీరపు మిట్టపైననే ఖననం చేశారు. పౌండ్‌మేకర్ నిర్దోషి అని కెనడా ప్రభుత్వం 2019లో ప్రకటించింది.