సుబ్బారావుగారి మందు... మన కుక్కకూ!

మీ ఇంట్లో కుక్క ఉందా? అయితే ఒక్క నిమిషం లేచి అదెక్కడ పడుకుందో చూసి రండి. రోజూ పడుకునే చోటే ఉంటే సరే. అలా కాకుండా మంచం కిందో, మెట్ల కిందో, బాత్‌రూమ్ మూలో చేరి, పిలిస్తే తోక కాస్త కదిపి లేవకుండా ఉందనుకోండి, దాన్ని అలక అనుకోకండి. అలా అనుకునే నేను దెబ్బతిన్నాను.

నేను మనుషుల డాక్టర్‌ని. పాతబస్తీలో ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీ చూస్తాను. కుక్కల గురించి రాయడానికి నాకున్న అర్హతల్లా మా ఇంట్లో ఒకటి ఉండటం, దాని విషయంలో నేను పొరపాటు చేయడం. మూడేళ్ల కిందట వానాకాలం మొదట్లో అది రెండు రోజులు అన్నం ముట్టలేదు. గేటు చప్పుడైనా మొరగలేదు. మేం ఊరెళ్లి వచ్చాం కదా, అలిగిందనుకున్నాను. మా అమ్మ మాత్రం దాని పెదవి ఎత్తి చూసి, చిగుళ్లు తెల్లబడ్డాయని చెప్పింది. నేను వినలేదు. ఒళ్లు వేడిగా తగిలితే అర పారాసిటమాల్ వేద్దామని కూడా చూశాను. మా అమ్మాయి అడ్డుపడబట్టి ఆగాను. నాలుగో రోజు ముక్కులోంచి రక్తం కారింది. పశువైద్యుడు రక్తపరీక్ష చేసి, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని, అది పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ అని తేల్చారు. చీటీ మీద డాక్సీసైక్లిన్ రాశారు. సరిగ్గా ఆ ఉదయమే ఓపీలో ఇద్దరికి అదే మందు రాసి వచ్చాను.

ఆ చీటీ చేతిలో పట్టుకుని మందుల షాపు ముందు నిలబడ్డప్పుడు నాకు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొచ్చారు. ఆయన పేరు మనందరికీ తెలుసు, పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. కానీ మన పెరట్లో కట్టేసిన కుక్క కూడా ఆయనకు బాకీ పడి ఉందని అంతకుముందు నేనెప్పుడూ ఆలోచించలేదు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో లేమి. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలి బయల్దేరితే, వెతికి వెనక్కి తీసుకొచ్చారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. పిల్లల మార్కులు చూసి బీపీ పెంచుకుని నా దగ్గరకొచ్చే తల్లిదండ్రులకు ఈ సంగతి తరచూ చెబుతుంటాను. తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టి ఆపరేషన్ థియేటర్‌కు కూడా అలాగే వెళ్తే సర్జరీ ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకు తక్కువదైన ఎల్ఎంఎస్.

ఆయన్ని పరిశోధనవైపు నెట్టింది మాత్రం ఇంట్లో జరిగిన విషాదమే. ఇద్దరు అన్నదమ్ములు ఎనిమిది రోజుల తేడాలో ‘స్ప్రూ’ అనే జబ్బుతో పోయారు. ఆగని విరేచనాలు, తిన్నది ఒంటికి పట్టకపోవడం, రక్తం విరిగిపోవడం దాని లక్షణాలు. తనకూ అదే జబ్బు వస్తే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో బయటపడ్డారు. 1920ల మొదట్లో భార్య శేషగిరిని ఇక్కడే వదిలి అమెరికా ఓడెక్కారు. మళ్లీ ఆమెను చూడలేదు. దాని గురించి ఎంత ఆలోచించినా నాకు సమాధానపడటం కష్టమే.

బోస్టన్‌లో పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలెత్తే పని. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. అది 1925లో అచ్చయింది. ఇద్దరి పేర్లతో ఆ పద్ధతి ల్యాబ్ పుస్తకాల్లోకి ఎక్కింది. ఆ తర్వాత కండరాల్లో శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ని, ఏటీపీని వెలికితీశారు. గేటు దగ్గర కొరియర్ అబ్బాయి కనిపించగానే మీ కుక్క ఒక్క ఉదుటున ఎగిరి దూకుతుంది చూడండి, ఆ మొదటి కొన్ని క్షణాల దూకుడుకు ఇంధనం ఫాస్ఫోక్రియాటినే. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. అక్కడి ఎనిమిదేళ్లలోనే గర్భిణులకు మనం రోజూ ఇచ్చే ఫోలిక్ యాసిడ్ తయారీ, పిల్లల రక్తక్యాన్సర్‌కు తొలిసారి వాడిన అమినోప్టెరిన్ వచ్చాయి. మన కథకు కావాల్సిన రెండు మందులు కూడా ఆ ఎనిమిదేళ్లలోవే.

పిడుక్కి విరుగుడు మట్టిలో

లెడర్లీలో సుబ్బారావుగారి నాయకత్వంలో బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన ఊరూరి మట్టి తెప్పించి అందులోని సూక్ష్మజీవులను పరీక్షించేవారు. మిస్సోరీ రాష్ట్రం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు జీవి ఒకటి దొరికింది. అది తయారుచేసే మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టి 1948 జులైలో ప్రపంచానికి చెప్పారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే పెద్దబిడ్డ. 1960లలో వచ్చిన డాక్సీసైక్లిన్ అదే ఇంటి పిల్ల. 1994లో సూరత్ ప్లేగు భయంతో దేశమంతా మందుల షాపుల ముందు క్యూ కట్టింది ఈ కుటుంబం మందుల కోసమే.

కుక్కలో ఈ మందు పోరాడేది ఎర్లీషియా అనే క్రిమితో. పిడుదులు (కొందరు గోమార్లంటారు) కుట్టిన కొన్ని గంటల్లోనే అది రక్తంలోకి చేరుతుంది. లక్షణాలు ఒకటి నుంచి మూడు వారాల్లో బయటపడతాయి. మొదట వచ్చేవన్నీ ప్రవర్తనలోని మార్పులే. ఆడుకోదు, పిలిస్తే ఆలస్యంగా లేస్తుంది, మెట్లు ఎక్కడానికి వెనకాడుతుంది, చీకటి మూల వెతుక్కుంటుంది. అలిగిన కుక్కకు ఇష్టమైన ముక్క చూపించండి, పట్టీ చప్పుడు చెయ్యండి, అలక మరిచిపోతుంది. జబ్బు చేసిన కుక్క ముక్క వాసన చూసి తల తిప్పుకుంటుంది. ఒక రోజు దాటి తినకపోతే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. చిగుళ్లు పాలిపోయినా, పొట్ట మీద ఎర్రటి మచ్చలొచ్చినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా ఆ రోజే వెళ్లండి.

చేత్తో తాకి జ్వరమని చెప్పకండి. కుక్క మామూలు ఉష్ణోగ్రతే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది కూడా నమ్మదగ్గ గుర్తు కాదు. నేను వెయ్యబోయిన పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయానికి ముప్పు. ఇబుప్రొఫెన్ ఇంకా ప్రమాదం, పేగుల్లో పుండ్లు పడి కిడ్నీలు దెబ్బతింటాయి. ఇంట్లో మందుల డబ్బా నుంచి కుక్కకు ఏదీ వెయ్యకండి. డాక్సీసైక్లిన్ కూడా అంతే, బరువు చూసి మోతాదు చెప్పాల్సింది పశువైద్యుడే.

ఈ మందు సాధారణంగా నాలుగు వారాలు వాడమంటారు. చిక్కంతా ఇక్కడే. రెండు రోజుల్లో కుక్క లేచి తింటుంది, గెంతుతుంది, ఇంట్లోవాళ్లు మిగతా మాత్రలు అటక మీద పెట్టేస్తారు. క్రిమి మాత్రం లోపలే ఉండిపోయి నెలల తర్వాత ఎముక మజ్జను దెబ్బతీయవచ్చు. అప్పుడు మందుకు లొంగడం కష్టం. ఇంకో మాట, మనవాళ్లు మాత్రను పెరుగన్నంలో దాచి పెడతారు. పాలు, పెరుగులోని కాల్షియం ఈ కుటుంబం మందులను ఒంటికి పట్టనివ్వదు. డాక్సీసైక్లిన్‌కు ఆ ఇబ్బంది కొంత తక్కువే అయినా మామూలు అన్నం ముద్దలో పెట్టి, తర్వాత నీళ్లు తాగించడం మేలు. లేకపోతే మాత్ర గొంతులో అతుక్కుని పుండు చేస్తుంది.

మందు ఒక ఎత్తు, ఇల్లు ఇంకో ఎత్తు. ఈ గోధుమరంగు పిడుదు తన జీవితమంతా మన ఇంట్లోనే గడిపేయగలదు. ఆడది రక్తం తాగి ఉబ్బాక కిందికి దిగి గోడ పగుళ్లలో వేలల్లో గుడ్లు పెడుతుంది. గౌలిపురా, లాల్‌దర్వాజా, శాలిబండ వైపు పాత సున్నం గోడలున్న ఇళ్లలో ఉండేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవాలి. పగుళ్లు పూడ్చండి. కుక్క పడుకునే గోనె, పాత చీర వేడినీళ్లలో ఉతకండి. చెవుల లోపల, మెడ పట్టీ కింద, వేళ్ల మధ్య, తోక మొదట్లో వారానికి రెండుసార్లు వెతకండి. దొరికిన పిడుదును ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగి సబ్బునీళ్లలో వెయ్యండి. గోటితో నలపొద్దు. కిరసనాయిలు, పొలం మందు పూయడం మరీ ఘోరం, కుక్క నాకుతుంది.

మనుషుల డాక్టర్‌గా ఒక విన్నపం. ఇదే పిడుదు అప్పుడప్పుడు మనల్నీ కుట్టి టిక్ టైఫస్ అనే జ్వరం తెస్తుంది. ఇంట్లో కుక్కకు పిడుదులుండి ఎవరికైనా జ్వరంతో పాటు ఒంటి మీద, అరచేతుల్లో దద్దుర్లు వస్తే డాక్టర్‌కు కుక్క సంగతి కూడా చెప్పండి. మేం అడగడం మరిచిపోతాం. దానికీ మందు డాక్సీసైక్లినే.

బోదకాలు మాత్ర

రెండో మందు కథ యుద్ధంతో మొదలైంది. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. మన గోదావరి జిల్లాలకు బోదకాలు తరతరాల చుట్టం, సుబ్బారావుగారికి ఆ కాళ్లు చిన్నప్పటి నుంచీ తెలిసినవే అయి ఉంటాయి. ఆయన బృందం డైఇథైల్ కార్బమజైన్ తయారుచేసింది. హెట్రజాన్ అనే పేరుతో వచ్చిన ఆ మందును మనం డీఈసీ అంటాం. దాన్ని మొదట పరీక్షించినవాటిలో ఫైలేరియా పురుగులు సహజంగా సోకిన కుక్కలున్నాయి. 1947లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

కుక్కల్లో దోమకాటుతో వచ్చే గుండెపురుగు బోదకాలు పురుగుకు దాయాది. జానెడు పొడవున గుండెలో, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో కాపురం పెడుతుంది. కుక్క దగ్గుతుంది, కొద్దిదూరం నడవగానే కూలబడుతుంది. 1980ల చివర్లో నెలకోసారి వేసే మాత్రలు వచ్చేదాకా అమెరికాలో కుక్కలకు ఇది రాకుండా రోజూ వేసింది డీఈసీనే. మన వైపు టిక్ ఫీవర్‌తో పోలిస్తే గుండెపురుగు తక్కువే. అయినా దీని గురించి రాయడానికి కారణముంది. బోదకాలు నివారణకు ఇంటింటికీ ఇచ్చే మాత్రలు కొన్ని ఇళ్లలో మింగకుండా మిగిలిపోతాయి. పురుగుల మందే కదా అని కుక్కకు వేస్తే, అప్పటికే దాని రక్తంలో గుండెపురుగు పిల్లలు ఉంటే, గంటలోపే షాక్‌లోకి వెళ్లి ప్రాణం పోవచ్చు. అందుకే రక్తపరీక్ష లేకుండా ఆ మందు కుక్కకు ఇవ్వరు.

ఆరియోమైసిన్ ప్రకటన వచ్చిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో, నిద్రలోనే గుండెపోటుతో సుబ్బారావుగారు పోయారు. 53 ఏళ్లు. 1995లో, ఆయన పుట్టిన నూరేళ్లకు, మన తపాలా శాఖ స్టాంపు వేసింది. ఆయన పేరు మీద ఒక ఫంగస్‌కు సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టారు.

ఒక హెచ్చరిక మిగిలింది. మూల చేరి ముభావంగా ఉన్న ప్రతి కుక్కకూ టిక్ ఫీవరే అనుకోవద్దు. రేబిస్ టీకా వేయని కుక్క ఉన్నట్టుండి మారిపోతే, చొంగ కారుస్తుంటే, గొంతు మారితే, మింగలేకపోతే, గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చెయ్యి పెట్టొద్దు. గదిలో విడిగా ఉంచి పశువైద్యుడికి కబురు చెయ్యండి. కరిచినా, గాయం మీద చొంగ పడినా పదిహేను నిమిషాలు ధారగా పడే నీళ్లతో, సబ్బుతో కడిగి అప్పుడే ఆసుపత్రికి రండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం.

నగరంలో నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు కుక్క ఎన్నాళ్ల నుంచి తినడం లేదో, ఆఖరి టీకా ఎప్పుడు వేశారో, ఇంట్లో ఇప్పటికే ఏం మాత్ర వేశారో రాసుకుని తీసుకెళ్లండి. ఆ మూడోదాన్ని సిగ్గుపడి దాచకండి. మా అమ్మాయి లేకపోతే నేనూ అక్కడ అదే చెప్పుకోవాల్సి వచ్చేది.