వృత్తియందు తృప్తి - అన్నమాచార్యుల జీవితము

మానవునకు జీవనోపాధి యొకటి కావలెను. అది లభించిన పిమ్మట దానియందు తృప్తి కావలెను. మొదటిది లభించుట కష్టము. రెండవది నిలుచుట మరింత కష్టము. మంజీరా నదీప్రాంతమందలి బాన్సువాడ పరిసరములలో, 1931లో పూర్తియైన నిజాంసాగరపు కాలువనీటితో వరి పండించు రైతు మొదలుకొని, కచేరీలో లెక్కలు వ్రాయు గుమాస్తా వరకు, అంగడిలో త్రాసు పట్టు వర్తకుని వరకు, ఏదో యొకనాడు తన పనివలన తనకేమి దక్కినదని నిట్టూర్చనివారు అరుదు. ఆ రైతే, ఆ గుమాస్తాయే బీర్కూరు చెంతనున్న తిమ్మాపూర్ వేంకటేశ్వరుని సన్నిధికి పోయి చేతులు జోడింతురు. వేంకటేశ్వరుని కోవెల యెచట నున్నను అచట తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనములు వినవచ్చుచుండును. ఒకే పనిని 79 సంవత్సరములు చేసియు విసుగెరుగని మహనీయుడాయన. తృప్తి యెట్లు లభించును, లభించినది యెట్లు నిలుచును అను ప్రశ్నకు ఆయన జీవితమే సమాధానము.

అన్నమయ్య క్రీ.శ. 1408లో రాజంపేటకు సమీపమందలి తాళ్ళపాక గ్రామమున నారాయణసూరి, లక్కమాంబ అను దంపతులకు జన్మించెను. ఆయన మనుమడగు చిన్నన్న ద్విపదలో రచించిన చరిత్రమువలన ఆయన జీవితవిశేషములు పెక్కు మనకు తెలియుచున్నవి. బాల్యమునుండియు అన్నమయ్య మనస్సు హరికీర్తనమందే లగ్నమై యుండెడిది. పెద్ద కుటుంబము, ఇంటి పనులు అనేకము. బాలుడు పాటలు పాడుకొనుచు తిరుగుట ఇంటివారికి రుచింపలేదు. పనిపాటలు చూడుమని మందలించిరి. అన్నమయ్య కొడవలి చేతబట్టి పశువులకు గడ్డి కోయుటకై అడవికి పోయెను. మనస్సొకచోట, చేయి యొకచోట ఉండుటచే కొడవలి వ్రేలికి తగిలి రక్తము చిందెను. ఆ బాధలో బాలునకు సంసారబంధమంతయు నిస్సారముగా తోచెను. ఆ దారిని తిరుపతికి పోవుచున్న యాత్రికులను చూచి, ఇంటికి మరలక వారి వెంట నడచెను.

కొండ యెక్కుచు బాలుడు మోకాళ్ళపర్వతమువద్ద ఆకలిచేతను అలసటచేతను సొమ్మసిల్లెను. అలమేలుమంగ ముత్తైదువ రూపమున దర్శనమిచ్చి, పాదరక్షలు విడిచి కొండ యెక్కుమని బోధించి, స్వామివారి ప్రసాదము పెట్టి ఆకలి తీర్చినదని చరిత్రము తెలుపుచున్నది. మేల్కాంచిన బాలుడు ఆ తల్లిపై శతకము చెప్పెను. తిరుమలలో ఘనవిష్ణువను వైష్ణవయతి ఆయనకు పంచసంస్కారములు చేసెను. కొంతకాలమునకు అన్నమయ్య స్వగ్రామమునకు మరలి, వివాహమాడి గృహస్థుడయ్యెను. పిమ్మట అహోబిలమున ఆదివణ్ శఠకోపయతుల సన్నిధిని వేదాంతమభ్యసించెను. కావున ఆయనది ఇల్లు విడిచిన సన్న్యాసి జీవితము కాదు. భార్యాబిడ్డలను పోషించుచు, తన పనిని తాను చేసికొనిన గృహస్థుని జీవితము.

ఆ పని యెట్టిది? తాళ్ళపాకవారి రాగిరేకులు ఆ విషయమును స్పష్టముగా చెప్పుచున్నవి. క్రోధి సంవత్సరమున, అనగా 1424లో, పదునారేండ్ల ప్రాయమున అన్నమాచార్యులు స్వామి సాక్షాత్కారము పొంది సంకీర్తనరచనకు ఆరంభించిరి. దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు, అనగా 1503లో, పరమపదించునంతవరకు ఆ రచన సాగినది. మొత్తము 32,000 సంకీర్తనములు. ఈ సంఖ్యను వినినంతనే మానవమాత్రునకు అసాధ్యమని తోచును. కాని లెక్క వేసి చూడుడు. 79 సంవత్సరములకు ఇంచుమించు 28,800 దినములు. దినమునకొక సంకీర్తనము, అప్పుడప్పుడు మరియొకటి. అంతియే! దినమునకొక్కటియైనను స్వామికి సమర్పింపక విడువరాదన్నదే ఆయన నియమము. పర్వతమంత పనిని తలచుకొనినవానికి భయము కలుగును. నేటి పనిని నేడు సమర్పించినవానికి రాత్రి సుఖనిద్ర కలుగును. తృప్తికి ఇది మొదటి మెట్టు.

ఆ సంకీర్తనములలో మరియొక విశేషము కలదు. బాల్యమున కొడవలి విడిచి పరుగెత్తిన యాయన, పెద్దవాడై శ్రమజీవుల పాటల బాణీలను వెదకికొని పోయెను. వడ్లు దంచు స్త్రీల సువ్విపాటలు, తల్లుల జోలపాటలు, పెండ్లివారి శోభనపు పాటలు, పల్లెల జాజరలు మున్నగు వానినన్నింటిని స్వామికి సమర్పించెను. రోకలి పట్టిన చేతికిని పుష్పమాల పట్టిన చేతికిని స్వామి యెదుట భేదము లేదని ఆయన భావము. కావున బాలుడు గడ్డికోతను విడుచుటకు ఆ పని నీచమగుట కారణము కాదు. మనస్సు లేని చేతితో చేయుటయే కారణమని గ్రహింపవలెను. స్వకర్మచేత భగవంతుని అర్చించినవాడు సిద్ధి పొందునని గీత పదునెనిమిదవ అధ్యాయమున బోధించిన విషయము ఇదియే. పనియొక్క గౌరవము పనిలో లేదు. దానిని ఎవరికొరకు చేయుచున్నామను భావనలో నున్నది.

లభించిన తృప్తిని చెరచునది లేమి యొక్కటియే కాదు. సన్మానము దానికంటెను ప్రమాదకరము. టంగుటూరి ప్రభువుగా నుండిన సాళువ నరసింహరాయడు అన్నమాచార్యులను ఆదరించి తన ఆస్థానమునకు రప్పించుకొనెను. ఈ నరసింహరాయడే 1485లో విజయనగర సింహాసనమధిష్ఠించెను. ఒకనాడు ఆచార్యులు పాడిన శృంగారసంకీర్తనమును విని రాజు పరవశుడై, అట్టి పాట తనపై చెప్పుమని కోరెను. రాజు కోరినది ఒక్క పాట. ఆచార్యులకు అది యెంత పని? కాని ఆయన చెవులు మూసికొని హరినామము స్మరించి, హరిని కొనియాడిన నాలుకతో నరుని కొనియాడజాలనని తెలిపెను. రాజు కోపించి సంకెలలు వేయించెను. ఆచార్యులు స్వామిని ప్రార్థింపగా సంకెలలు ఊడిపడినవనియు, రాజు పశ్చాత్తప్తుడై పాదములపై బడి క్షమాపణ వేడెననియు చరిత్రము చెప్పుచున్నది.

తృప్తి యనగా అన్నిటికిని తల యొగ్గుట యని కొందరు తలతురు. ఆచార్యుల జీవితము దానిని అంగీకరింపదు. రాజిచ్చిన గౌరవమును ఆయన కాదనలేదు. పనియొక్క ప్రాణమును రాజు కోరినపుడు మాత్రము ఇయ్యలేదు. ఉద్యోగి యజమానికి శ్రమను, కాలమును, నేర్పును అమ్మవచ్చును. అంతరాత్మను అమ్మినవానికి ఎంత జీతము పెరిగినను తృప్తి పెరుగదు. ఆ యొక్క పాటకు అంగీకరించి యున్నచో, మరునాటి సంకీర్తనము ఆచార్యుల నోట పూర్వమువలె పలికియుండునా?

ఇక కీర్తి మాట. అన్నమాచార్యుల పిదప కుమారుడు పెదతిరుమలాచార్యులు ఆ సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించెను. అవి తిరుమల ఆలయమందలి సంకీర్తన భాండాగారమున భద్రపరుపబడినవి. ధర్మపత్ని తిమ్మక్క సుభద్రాకల్యాణమును రచించెను. కుమారుడు, మనుమడు కూడ కవులే. ఇట్టి వంశముయొక్క కృషి క్రమముగా లోకమునకు మరుగుపడినది. 1922లో రాగిరేకులు వెలుగుచూచినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మున్నగు విద్వాంసులు వానిని చదివి, పరిష్కరించి ప్రకటించిరి. రేకులపై రాగముల పేర్లు కలవు గాని స్వరములు లేవు. కావున పెక్కింటికి నూతనముగా బాణీలు కట్టవలసివచ్చినది. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానములవారు అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పిరి. 32,000 సంకీర్తనములలో నేడు లభించినవి 12,000కు పైగా మాత్రమే. తక్కినవి నశించినవి. కాని నశించిన సంకీర్తనమును రచించిన దినము వ్యర్థమైనదా? ఆనాడే అది స్వామికి చేరినది; ఆనాడే రచించినవానికి ఫలము దక్కినది. లోకము మెచ్చుకొనుట ఆ పిమ్మటి మాట.

బాన్సువాడ రైతు నాటిన నారు పండి యెవరి యింట అన్నమగునో ఆయన యెరుగడు. గుమాస్తా సరిగా వ్రాసిన లెక్కవలన ఏ బీదవానికి న్యాయము కలిగినదో ఆతనికి తెలియదు. తెలియనక్కరయు లేదు. ఉదయము పనికి పోవునపుడు దానిని స్వామి కైంకర్యముగా తలచి, సాయంకాలము ఆనాటి వంతు సరిగా చేసితినా యని తన్ను తాను ప్రశ్నించుకొని, అధర్మమునకు రమ్మని పిలిచినపుడు రానని చెప్పగలిగినచో, ఆ గృహస్థుని పనియు సంకీర్తనమే. అట్టి సంకీర్తనమునకు రాగిరేకులు అక్కరలేదు. ఏడుకొండలవాడు దానిని తప్పక ఆలకించును.