ప్రేగు రోగం నేర్పిన పాఠం – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

మానవాళికి మహోపకారం చేసి, తాము మాత్రం మరుగున పడిపోయిన మహనీయులు చరిత్రలో ఎందరో ఉన్నారు. అట్టివారిలో అగ్రగణ్యుడు మన తెలుగువాడైన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కనుగొన్న ఔషధాల పట్టిక దీర్ఘమైనది. ఆ పట్టికనంతటినీ ఏకరువు పెట్టడం ఈ వ్యాసంలో మా ఉద్దేశం కాదు. ఆయన కుటుంబాన్ని కబళించిన ఒక ప్రేగు రోగం, కాలక్రమంలో కోట్లాది గర్భిణులకు రక్షణగా ఎలా పరిణమించిందో మాత్రమే చెప్పదలచాము.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ. ఇంట్లో సంతానం ఎక్కువ, సంపాదన తక్కువ. బాల్యంలో ఆయనకు చదువుపై శ్రద్ధ లేదు. ఒకసారి ఇల్లు విడిచి కాశీకి పారిపోబోయి పట్టుబడ్డారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయాలు తప్పి, మూడవ ప్రయత్నంలో గట్టెక్కారు. తండ్రి పోయినా తల్లి పట్టుదల సడలలేదు. సన్యాసం వైపు మొగ్గిన కొడుకును ఆమె గట్టిగా వారించింది. చివరకు ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

ఆ రోజుల్లోనే ఆ ఇంటిపై పిడుగు పడింది. ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల వ్యవధిలోనే స్ప్రూ అనే వ్యాధికి బలి అయ్యారు. ఇది ఉష్ణదేశాల్లో కనిపించే ప్రేగు వ్యాధి. చిన్నప్రేగు లోపలి పొర దెబ్బతిని, తిన్న ఆహారంలోని సారం ఒంటికి పట్టదు. ఎడతెగని విరేచనాలు, నాలుక పూత, రక్తహీనత, క్రమంగా కృశించిపోవడం దీని లక్షణాలు. అప్పట్లో దీనికి సరైన చికిత్స లేదు. కొంతకాలానికి సుబ్బారావును కూడా అదే వ్యాధి పట్టుకుంది. ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చేసిన చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు. సోదరులను తీసుకుపోయిన రోగం తనను విడిచిపెట్టినందుకు ఆయన జీవితాంతం బదులు తీర్చుకున్నారని మాకు అనిపిస్తుంది.

వైద్య విద్యార్థిగా ఆయన గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించారు. ఆంగ్లేయ ఆచార్యునికి అది రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. ప్రభుత్వ వైద్యశాఖలో చోటు దొరకక, మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించారు. 1919లో శేషగిరితో ఆయనకు వివాహమైంది. మామగారి సాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతోను 1920ల తొలినాళ్ళలో అమెరికాకు ఓడ ఎక్కారు. కొద్ది సంవత్సరాల్లో తిరిగి వస్తాననే అందరూ అనుకున్నారు. ఆయన మరి తిరిగి రాలేదు. కొడుకు శైశవంలోనే మరణించాడు. తండ్రి కడచూపుకైనా నోచుకోలేదు.

బోస్టన్ నగరంలో పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే పని. ఆ పనిని ఆయన చిన్నతనంగా భావించలేదు. ఉష్ణదేశ వ్యాధుల శాస్త్రంలో డిప్లొమా పొంది, ఆచార్య సైరస్ ఫిస్కే వద్ద జీవరసాయన పరిశోధనలో చేరారు. రక్తంలోను మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. తరువాత కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, జీవకణాల ఇంధనమైన ఎ.టి.పి.ని 1929లోను వెల్లడించారు. 1930లో ఆయనకు పిహెచ్.డి. లభించింది. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత స్థానం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాలకు మారి, అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

ఇక్కడ కథ కొంచెం వెనుకకు, మన దేశానికి మళ్ళాలి. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు తీవ్రమైన రక్తహీనతతో మరణిస్తున్నారు. ఆమె ఇళ్ళకు వెళ్ళి వారి ఆహారాన్ని పరిశీలించారు. అందరికంటె నిస్సారమైన తిండి, అందరికంటె ఎక్కువ రక్తహీనత పేద ముస్లిం స్త్రీలలోనే ఆమెకు కనిపించాయి. మన విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని జనం ఘోషాసుపత్రి అన్నట్లే, మద్రాసులోనూ ఘోషా స్త్రీల కోసం వెలసిన ఆసుపత్రి ఒకటి ఉండేది. 1931లో లూసీ విల్స్ అక్కడ కూడా పనిచేశారు. ఈస్ట్ సారాన్ని తినిపిస్తే ఆ గర్భిణుల రక్తం తిరిగి పుంజుకుంటున్నదని ఆమె రుజువు చేశారు. ఆ సారంలోని పదార్థమేదో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లం. 1945లో సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లే శాస్త్రజ్ఞుల బృందం దానిని కృత్రిమంగా తయారుచేయగలిగింది. వెంటనే 1945–46లో టామ్ స్పైస్ అనే అమెరికన్ వైద్యుడు క్యూబా, ప్యూర్టోరికో దీవుల్లో స్ప్రూ రోగులకు దానినిచ్చి, వారి రక్తం కోలుకోవడం చూశాడు. 1948లో అదే ప్రయోగశాల నుంచి బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. నేడు వైద్యులు స్ప్రూ రోగికి ఇచ్చేవి ముఖ్యంగా ఈ రెండే: ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. సోదరుల ప్రాణం తీసిన రోగానికి రెండు మందులూ సుబ్బారావు నడిపిన ప్రయోగశాల నుంచే రావడం చరిత్రలో అరుదైన ఘటన.

ఆ ప్రయోగశాలే దీనికి విరుద్ధమైన మందును కూడా సృష్టించింది. ఫోలిక్ ఆమ్లం కణ విభజనకు ఆధారం గనుక, దానిని అడ్డుకుంటే క్యాన్సర్ కణాల పెరుగుదల ఆగుతుందని భావించి, ప్రతికూల పదార్థాలను తయారుచేశారు. వాటిలో అమినాప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1947–48లో పసిపిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా లొంగదీశాడు. దాని సోదర ఔషధమే మెథోట్రెక్సేట్.

ఈ రెండు ఔషధాల కథ మనకు నేడు ఎందుకు కావాలి? స్ప్రూ వేరు, నేడు మన దేశంలోనూ పెరుగుతున్న ప్రేగు వాపు వ్యాధులు వేరు. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ అనే ఈ వ్యాధులలో శరీర రక్షణ వ్యవస్థే ప్రేగుపై తిరగబడుతుంది. ఇవి తరచుగా యౌవనంలోనే, అంటే స్త్రీలు తల్లులయ్యే వయసులోనే మొదలవుతాయి. వ్యాధి ఉద్ధృతంగా ఉండగా గర్భం ధరిస్తే గర్భస్రావం, నెలలు నిండక ముందే కాన్పు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం వంటి ప్రమాదాలు హెచ్చు. వ్యాధి కనీసం 3 నుంచి 6 నెలలు అణగి ఉన్న తరువాత గర్భం ధరిస్తే, చాలామంది స్త్రీలు ఆరోగ్యవంతులైన బిడ్డలనే కంటారు. సల్ఫాసలజీన్ మందు వాడేవారికి ఆహారంలోని ఫోలిక్ ఆమ్లం సరిగా పట్టదు. అందువల్ల వైద్యులు వారికి రోజుకు 2 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. క్రోన్స్ వ్యాధికి వాడే మెథోట్రెక్సేట్ మాత్రం పిండానికి హాని చేస్తుంది; గర్భం కోరుకునే స్త్రీకి కనీసం 3 నెలల ముందే వైద్యులు దానిని మాన్పిస్తారు. ఒకే ప్రయోగశాల బిడ్డలలో ఒకటి గర్భిణికి రక్ష, మరొకటి నిషిద్ధం. ఏది ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో తెలియడమే విద్య.

గర్భం నిలిచిందని తెలియగానే భయపడి అన్ని మందులూ ఆపివేయడం మన ఇళ్ళలో జరిగే పొరపాటు. ఈ వ్యాధులకు వాడే మందులలో అధికభాగం గర్భిణులు కొనసాగించవచ్చు; మందు ఆపడం వల్ల తిరగబెట్టే వ్యాధే తల్లికీ బిడ్డకూ ఎక్కువ చేటు. విరేచనాలు, రక్తం పడడం వంటి మాటలు పురుష వైద్యుని ఎదుట చెప్పడానికి సిగ్గుపడి, నెలల తరబడి దాచుకునే చెల్లెళ్ళు, అక్కలు మనలో లేరా? ఆ సిగ్గుకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో ఆలోచించవలసిన బాధ్యత చదువుకున్న వారిపై ఉంది.

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. భర్త రాక కోసం ఎదురుచూసిన శేషగిరమ్మకు చివరకు ఆ వార్త మాత్రమే చేరింది. ఫోలిక్ ఆమ్లం పూర్తి విలువ ఆయన మరణానంతరమే లోకానికి తెలిసింది. గర్భధారణకు ముందునుంచే దానిని తీసుకుంటే, వెన్నుపాము లోపాలతో బిడ్డను కన్న తల్లులకు మళ్ళీ అటువంటి బిడ్డ పుట్టే ప్రమాదం 72 శాతం తగ్గుతుందని 1991లో 7 దేశాల పరిశోధన రుజువు చేసింది. వెన్నుపాము తొలి నాలుగు వారాలలోనే రూపుదిద్దుకుంటుంది గనుక, గర్భం సంగతి తెలిసిన తరువాత మొదలుపెడితే ఆలస్యమే.

2022లో విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలో చేరిన మన రావికమతం మండలంలోనూ గర్భిణులకు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం కలిసిన ఎర్ర మాత్ర ఉచితంగా అందించాలన్నది ప్రభుత్వ పథకం. దానిని 180 రోజులు వాడాలి. మన విద్యార్థినులు బడిలో వారానికొకసారి మింగిన నీలి మాత్రలోనూ అదే పదార్థం ఉంది. చేదనో, వికారమనో దానిని పారవేసిన వారు లేకపోలేదు. విద్యార్థి మిత్రులారా, ఆ చిన్న మాత్ర వెనుక ఇద్దరు సోదరుల మరణం, భర్త కోసం వేచిన ఒక ఇల్లాలి కన్నీరు, పరదా వెనుక పాలిపోయిన ఎందరో తల్లుల మౌనం ఉన్నాయి. మీ ఇంట అక్కకో వదినకో ఆ మాత్రను ఇచ్చేటప్పుడు ఈ కథ కూడా చెప్పండి. అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించుగాక.