మీర్ తకీ మీర్ – చంద్రబింబమున కనుపించిన రూపము

ఢిల్లీ నగరమున నివసించు తెలుగువారిలో మీర్ తకీ మీర్ పేరు విననివారు అరుదు. ఉర్దూ గజలునకు పరిపక్వత చేకూర్చిన మహాకవులలో ఆయన అగ్రగణ్యుడు. ఆఱు ఉర్దూ దివానులు రచించిన ఈ కవి యౌవనారంభమున కొన్ని మాసములు మతి చలించి బాధపడెనను సంగతి మాత్రము అందఱకు తెలియదు. ఆ వృత్తాంతమును ఆయన పారశీకమున రచించిన జిక్రె మీర్ అను స్వీయచరిత్రయందును, ఖ్వాబో ఖయాల్ అను ఉర్దూ మస్నవీయందును దాచక చెప్పుకొనెను.

మీర్ 1723 ప్రాంతమున ఆగ్రాలో జన్మించెను. తండ్రి సూఫీ సాధకుడు. పది పదకొండేండ్ల ప్రాయముననే మీర్‌కు పితృవియోగము కలిగెను. జీవనోపాధికై ఢిల్లీ చేరిన బాలునకు నవాబు సమ్‌సాముద్దౌలా దినమునకు ఒక రూపాయి భత్యము ఏర్పఱచెను. 1739లో నాదిర్షాతో కర్నాలు వద్ద జరిగిన యుద్ధమున ఆ నవాబు మరణింపగా ఆ ఆధారమును తెగిపోయెను. ఆ మీదట సవతి తల్లి సోదరుడును, పారశీక పండితుడును అగు ఖానె ఆర్జూ ఇంట తలదాచుకొనెను. అచ్చట తనకు ఆదరణ కరవై, నిందలు మిక్కుటమయ్యెనని మీర్ వ్రాసికొనెను.

అంతట ఆ యువకుడు తలుపులు మూసికొని ఒంటిగా ఉండసాగెను. రాత్రులందు చంద్రబింబమునుండి ఒక సుందర రూపము తనకడకు వచ్చినట్లు తోచెను. ఏ దిక్కు చూచినను అదియే. తెల్లవారువఱకు దాని సాన్నిధ్యము. పగలెల్ల దానికై పరితాపము. చుట్టునున్నవారు భయపడి దూరమైరి. ఇఱుకు గదిలో బంధించిరి, రక్తము తీయించిరి. కుటుంబమునకు ఆప్తురాలగు ఒక స్త్రీ మాత్రము ధనము వెచ్చించి వైద్యము చేయించెను. క్రమముగా ఆ రూపము మఱుగై, ఆయనకు స్వస్థత చేకూరెను.

స్కిజోఫ్రీనియా అను పేరును స్విట్జర్లాండు వైద్యుడు యూగెన్ బ్లాయిలర్ 1908లో ప్రవేశపెట్టెను. మీర్‌కు సోకినది ఆ వ్యాధియే యని నేడు తీర్మానించుట సాహసమగును. అందు లేని రూపములు చూచుటకంటె లేని మాటలు వినుటయే తఱచు. తీవ్ర దుఃఖమును, నిద్రలేమియు, ఇతర మనోవ్యాధులును అట్టి భ్రాంతులను కలిగింపగలవు. అయినను మనము గుర్తింపదగిన సూచనలు ఆయన కథలో కలవు: నలుగురినుండి తొలగిపోవుట, రాత్రులు నిద్ర తప్పుట, ఇతరులకు కానరానిది తనకు కానవచ్చుట. ఎవరో తనపై కుట్ర పన్నుచున్నారను చలింపని నమ్మకము, తన తలపులు పరులకు తెలిసిపోవుచున్నవను భావము, మాటలలో పొందిక తప్పుట, స్నానభోజనములందును చదువునందును శ్రద్ధ సన్నగిల్లుట, ముఖమున భావములు అణగిపోవుట కూడ ఆ వ్యాధి లక్షణములే. కౌమారాంతమునుండి ముప్పదియేండ్ల ప్రాయము లోపల ఇది బయటపడుట సామాన్యము. ఒక్క లక్షణమును చూచి నిర్ణయింపరాదు. కాని ఇట్టివి కొన్ని వారములు గడచినను తగ్గనిచో మానసిక వైద్యునకు చూపవలెను. ప్రాణము తీసికొందునను మాట వినవచ్చినచో ఒక్క దినమైనను జాగు చేయరాదు.

బంధువులకు దూరముగా, బదిలీలపై వచ్చి కాపురముండు మన కుటుంబములలో ఈ జాగరూకత మఱింత అవసరము. పిల్లవాడు గది విడిచి రాకున్నచో పరీక్షల భారమనియో, సోమరితనమనియో, దిష్టి యనియో సరిపెట్టుకొందుము. పెండ్లి సంబంధములు చెడునని దాచుదుము. ఈలోపల వ్యాధి ముదురును. ఇందులకు 1952నుండి ఔషధములు వెలువడినవి. సకాలమున వైద్యము ఆరంభించి, మానక కొనసాగించినచో అనేకులు తిరిగి చదువులకును ఉద్యోగములకును పోగలరు. ఢిల్లీలోనే షహదరాయందు ఇహ్‌బాస్ సంస్థ కలదు. ఎయిమ్స్‌లో మానసిక వైద్యశాఖ కలదు. 14416 అను టెలిమానస్ సంఖ్యకు ఇంటినుండియే మాటలాడవచ్చును. రోగిని గొలుసులతో బంధించుటను 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది.

స్వస్థుడైన మీర్ మఱి డెబ్బదియేండ్లకు సమీపముగా జీవించెను. అబ్దాలీ దండయాత్రలలో ఢిల్లీ పాడగుట కన్నులార చూచెను. 1782లో నవాబు అసఫుద్దౌలా పిలుపుపై లక్నో చేరి, 1810లో అచ్చటనే కన్నుమూసెను. కవిగా ఆయన గడించిన కీర్తియంతయు ఆ వ్యాధి తగ్గిన పిమ్మటిదే. పిచ్చివాడని అందఱును వదలినపుడు ఒక్కరు వైద్యము చేయింపబట్టియే ఆ జీవితము నిలిచినది. మన ఇండ్లలోను, ఇరుగుపొరుగునందును ఆ ఒక్కరు మనమే కావలసిన దినము రావచ్చును.