తామ్రలిప్తి రేవు నుంచి స్వదేశానికి: యాత్రికుడు ఫాహియాన్ సముద్రయానం

ఖరగ్‌పూర్ నుంచి హౌరా వెళ్లే లోకల్ రైలులో పాంశ్‌కుడా దాకా పోయి, అక్కడ హల్దియా మార్గంలోకి మారితే తామ్లుక్ స్టేషన్ వస్తుంది. రైల్వే ఉద్యోగాల కోసం తరలివచ్చి ఇందాలోనూ, పరిసర కాలనీల్లోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది వినని పేరేమీ కాదు. రూపనారాయణ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న పట్టణమే ఒకనాటి తామ్రలిప్తి. తూర్పు భారతదేశంలోని ప్రధాన ఓడరేవుల్లో ఒకటిగా అది అనేక శతాబ్దాలు వెలిగింది. 1600 ఏళ్లకు పూర్వం ఆ రేవులో ఓడ ఎక్కిన ఒక వృద్ధ భిక్షువు పేరు మన పాఠ్యపుస్తకాల్లో నేటికీ నిలిచి ఉంది. ఆయనే ఫాహియాన్.

ఫాహియాన్ ఉత్తర చైనాలోని నేటి షాన్షీ ప్రాంతంలో జన్మించారు. ఆయన కంటే ముందు పుట్టిన ముగ్గురు అన్నలు పసితనంలోనే మరణించారు. ఈ బిడ్డ అయినా దక్కాలన్న ఆశతో తండ్రి మూడేళ్ల వయసులోనే అతన్ని బౌద్ధ సంఘానికి అంకితం చేశాడు. పదేళ్ల వయసులో తండ్రి కన్నుమూశాడు. తల్లికి తోడుగా ఇంటికి వచ్చేయమని పినతండ్రి నచ్చజెప్పినా బాలుడు విహారాన్ని విడిచి రాలేదు.

పెరిగి పెద్దయి దీక్ష పొందిన తర్వాత ఫాహియాన్‌ను ఒక లోటు వేధించింది. భిక్షువుల నడవడిని నిర్దేశించే వినయ గ్రంథాలు చైనాలో అసంపూర్ణంగా ఉండేవి. వాటిని బుద్ధుని దేశం నుంచే తెచ్చుకోవాలని నిశ్చయించుకుని, 399వ సంవత్సరంలో కొందరు సహచరులతో చాంగాన్ నగరం నుంచి బయలుదేరారు. అప్పటికే ఆయన వయసు మళ్లినవారు. గోబీ ఎడారిని, ఖోటాన్‌ను, పామీరు పర్వతాలను దాటుకుంటూ సింధు నది లోయకు చేరారు. సహచరుల్లో కొందరు మధ్యలో వెనుదిరిగారు. హుయీజింగ్ అనే భిక్షువు మంచు కొండల్లో చలికి తాళలేక ఫాహియాన్ కళ్లెదుటే ప్రాణాలు విడిచారు.

ఉత్తర భారతంలో వినయ గ్రంథాల కోసం వెదికినప్పుడు ఆయనకు మరో ఇబ్బంది ఎదురైంది. అక్కడ ఆ పాఠాలు గురువు నోటి నుంచి శిష్యుని చెవికి చేరేవే తప్ప వ్రాతప్రతులు దొరకలేదు. చివరకు పాటలీపుత్రంలోని ఒక విహారంలో మహాసాంఘిక వినయం లభించింది. మూడేళ్లు అక్కడే ఉండి సంస్కృతం నేర్చుకుని, ఆ గ్రంథాన్ని ఫాహియాన్ స్వయంగా నకలు చేసుకున్నారు. చివరి వరకు వెంట ఉన్న దావోజెంగ్ ఇక్కడి భిక్షువుల క్రమశిక్షణకు ముగ్ధుడై భారతదేశంలోనే ఉండిపోయారు. ఫాహియాన్ ఒంటరిగా మిగిలారు. అయితే తాను సంపాదించినది చైనా భిక్షువులకు అందాలన్నది ఆయన సంకల్పం. అందువల్ల ఆగలేదు.

గంగ వెంట తూర్పుగా ప్రయాణించి తామ్రలిప్తి చేరారు. ఆ నగరంలో అప్పుడు ఇరవైకి పైగా బౌద్ధ విహారాలు ఉండేవి. అక్కడ రెండేళ్లు ఉండి సూత్ర గ్రంథాలను నకలు చేసుకున్నారు, బుద్ధుని ప్రతిమల చిత్రాలు గీసుకున్నారు. వచ్చిన కొండదారిన ఆ మూటలు మోసుకుంటూ తిరిగి వెళ్లడం సాధ్యం కాని పని. ఇక మిగిలింది సముద్రమే.

ఆ కాలపు ఓడలకు గాలే ఆధారం. చలికాలంలో ఈశాన్యం నుంచి గాలి వీచినప్పుడు బంగాళాఖాతంలో దక్షిణానికి దిగాలి. వేసవి తర్వాత నైరుతి గాలి వచ్చినప్పుడు తూర్పు దిక్కుకూ, ఉత్తరానికీ సాగాలి. 409వ సంవత్సరం చివర, చలికాలపు గాలులు మొదలైన వేళ ఫాహియాన్ ఒక పెద్ద వర్తక నౌక ఎక్కారు. పద్నాలుగు పగళ్లు, పద్నాలుగు రాత్రులు నైరుతి దిశగా సాగి నౌక సింహళం చేరింది. ప్రయాణం సుఖంగానే గడిచింది.

సింహళంలో ఆయన రెండేళ్లు గడిపారు. అనురాధపురంలోని అభయగిరి విహారంలో ఒకనాడు, బుద్ధ విగ్రహం చెంత ఎవరో వర్తకుడు సమర్పించిన తెల్లని పట్టు విసనకర్ర ఆయన కంటబడింది. అది చైనాలో తయారైనది. స్వదేశం విడిచి ఎన్నో ఏళ్లయింది. చుట్టూ వినబడేది పరాయి భాష. తోడు వచ్చినవారు కొందరు మరణించారు, కొందరు విడిపోయారు. ఆ విసనకర్రను చూసి వృద్ధ భిక్షువు కన్నీరు ఆపుకోలేకపోయారు.

చైనాలో లభించని మహీశాసక వినయం మొదలైన గ్రంథాలను అక్కడ సంపాదించుకుని, రెండు వందల మందికి పైగా ఉన్న మరో వర్తక నౌకలో స్వదేశానికి బయలుదేరారు. ప్రమాదం వస్తే ఆదుకునేందుకు నౌక వెనుక ఒక చిన్న పడవను తాడుతో కట్టారు. రెండు మూడు రోజులకే తుఫాను విరుచుకుపడింది. నౌకకు చిల్లు పడి నీరు లోపలికి వచ్చింది. వర్తకులు పడవలోకి దూకబోయారు. అందరూ ఎక్కితే మునిగిపోతామని భయపడి పడవలోని వారు తాడు కోసేశారు. గత్యంతరం లేక వర్తకులు తమ సరుకులను సముద్రంలోకి విసరడం మొదలుపెట్టారు.

ఫాహియాన్ కూడా తన కమండలాన్ని, నీళ్ల పాత్రను, ఇతర వస్తువులను విసిరేశారు. తన గ్రంథాలను, ప్రతిమలను వర్తకులు లాక్కుని నీటిపాలు చేస్తారేమోనన్నదే ఆయన భయం. అవలోకితేశ్వరుణ్ణి తలచుకుంటూ గడిపారు. తుఫాను పదమూడు రోజులు సాగింది. చివరకు ఒక ద్వీపం ఒడ్డుకు చేరి, పోటు తగ్గిన సమయంలో చిల్లు ఎక్కడుందో కనిపెట్టి పూడ్చారు. ఆ పైన సముద్రపు దొంగల భయం వెంటాడింది. సూర్యచంద్రులు, నక్షత్రాలు తప్ప దారి చూపేవి లేవు. మబ్బు కమ్మితే నౌక గాలి ఈడ్చినట్టు పోయేది. లంగరు వేద్దామంటే నేల అందని లోతు. దాదాపు తొంభై రోజులకు నేటి ఇండొనేసియా ప్రాంతంలోని యవద్వీపం చేరారు.

అనుకూలమైన గాలి కోసం అక్కడ ఐదు నెలలు వేచి, గ్వాంగ్‌జౌ వెళ్లే నౌక ఎక్కారు. యాభై రోజులకు సరిపడా ఆహారం తీసుకుని బయలుదేరిన ఆ నౌక నెల దాటాక మళ్లీ గాలివానలో చిక్కుకుంది. ఈ భిక్షువు ఎక్కడం వల్లనే ఆపద వచ్చిందని, ఆయన్ను ఏదైనా ద్వీపంలో దింపేయాలని నౌకలోని కొందరు తీర్మానించారు. ఫాహియాన్‌కు అండగా నిలిచిన ఒక దాత అడ్డుపడ్డాడు. అలా చేయదలిస్తే ముందు తనను దింపాలని, లేదంటే చైనా చేరాక ఈ అన్యాయాన్ని అక్కడి రాజుకు విన్నవిస్తానని హెచ్చరించాడు. దానితో వారు వెనక్కి తగ్గారు.

డెబ్బై రోజులు దాటినా తీరం కానరాలేదు. వంటకు సముద్రపు నీటినే వాడి, మంచినీటిని తలకు కొద్దికొద్దిగా పంచుకున్నారు. దారి తప్పామని గ్రహించి నౌకను వాయవ్యానికి మళ్లించగా, పన్నెండు రోజులకు నేల కనిపించింది. ఒడ్డున పెరిగిన పరిచితమైన ఆకుకూర మొక్కలను చూసి, అది చైనా నేలేనని ఫాహియాన్ గుర్తుపట్టారు. ఆ తీరం గ్వాంగ్‌జౌకు ఎంతో ఉత్తరాన, షాన్‌డాంగ్‌లోని లావోషాన్. అది 412వ సంవత్సరం.

తర్వాత ఆయన నేటి నాన్‌జింగ్ చేరి, భారతీయ పండితుడు బుద్ధభద్రునితో కలిసి మహాసాంఘిక వినయాన్ని చైనా భాషలోకి అనువదించారు. తన యాత్రా వృత్తాంతాన్ని గ్రంథస్థం చేశారు. ఎనభై ఏళ్లు దాటాక జింగ్‌జౌలోని ఒక విహారంలో కన్నుమూశారు. సింహళం నుంచి తెచ్చిన మహీశాసక వినయం ఆయన మరణానంతరం బుద్ధజీవుడనే పండితుని చేతుల మీదుగా అనువాదమైంది.

కాలక్రమంలో నదులు పూడిపోయి, దారులు మారి, తామ్రలిప్తి రేవు మూతపడింది. ఆ రెండు వినయ గ్రంథాల మూలప్రతులు మన దేశంలో సంపూర్ణంగా మిగలలేదు. అవి పూర్తి రూపంలో నేడు చైనా అనువాదాల్లోనే లభిస్తున్నాయి. తుఫాను వేళ కమండలాన్ని వదులుకున్న భిక్షువు మూటను మాత్రం వదలకపోవడం వల్లనే అవి మనదాకా వచ్చాయి.