బడి మెట్లెక్కని మహావక్త

ఉర్దూ భాషలో మహావక్తలను లెక్కించవలసి వస్తే మౌలానా అబుల్ కలాం ఆజాద్ గారి పేరు మొదటి వరుసలో వస్తుంది. ఉన్నత పాఠశాలలో వక్తృత్వ పోటీకి ఉత్సాహంగా పేరిచ్చి, తీరా వేదిక ఎక్కేసరికి గొంతు తడి ఆరిపోయే మన విద్యార్థులు ఆయన బాల్యాన్ని తెలుసుకోవాలి. ఆయన ఏ పాఠశాలలోనూ కూర్చొని చదివినవారు కారు.

ఆజాద్ గారు 1888 నవంబరు 11న మక్కా నగరంలో జన్మించారు. తల్లి అరబ్బు వనిత. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ గొప్ప పండితులు, అసంఖ్యాక శిష్యులు గల పీర్. కుటుంబం కలకత్తాలో స్థిరపడింది. కొత్త చదువులపై తండ్రిగారికి విశ్వాసం లేనందున అరబ్బీ, ఫారసీ, తర్కం, గణితం అన్నీ ఇంటివద్దనే సాగాయి. తోటి విద్యార్థులు లేరు, సభలు లేవు, చప్పట్లు లేవు.

అయితే ఆ పిల్లవాడు సభను తానే కల్పించుకొన్నాడు. ఇంటిలోని పెట్టెలను వరుసగా పేర్చి రైలుబండి అనుకొనేవాడట. తండ్రిగారి తలపాగా చుట్టుకొని దానినుండి దిగుతూ, ఢిల్లీ మౌలానా వస్తున్నారు, దారి ఇవ్వండని అక్కలచేత కేకలు వేయించేవాడట. ఎదుట ఎవరూ లేరు కదా అని వారు నవ్వితే, వేలమంది ఉన్నట్టు ఊహించుకోవాలని చెప్పి, ఎత్తైన చోట నిలబడి ఉపన్యసించేవాడట.

ఆట ఆటగానే మిగిలిపోలేదు. 1903లో, పదిహేనేండ్ల ప్రాయంలో, లిసానుస్సిద్ఖ్ అనే పత్రికను ఆయన ప్రారంభించారు. సత్యం పలికే నాలుక అని ఆ పేరుకు అర్థం. మరుసటి ఏడు లాహోరులోని అంజుమనె హిమాయతె ఇస్లాం వార్షిక సభలో ప్రసంగించారు. పత్రికలో రచనలు చదివి ఏ వృద్ధ పండితుడో అనుకొన్నవారికి నూనూగు మీసాల బాలుడు కనిపించాడు. తరువాత బొంబాయిలో కలిసిన షిబ్లీ నొమానీ అంతటివారే ఆయనను ఆజాద్ గారి కుమారుడని భ్రమపడ్డారట! మన పదవ తరగతి విద్యార్థి వయస్సు అది.

ఆ ధాటి ఎక్కడిది? నా మట్టుకు కలమే ఆయనకు గురువనిపిస్తుంది. చదివినదానిని నెమరువేసి, వ్రాసి, దిద్దుకొన్న తరువాతనే ఆయన నోరు విప్పారు. మన పోటీలలో ఉపాధ్యాయుడు వ్రాసి ఇస్తాడు, పిల్లవాడు వల్లెవేస్తాడు. నడుమ ఒక వాక్యం మరచిపోతే ఉపన్యాసం అక్కడితో సరి!

ఆయన ఆంగ్లాన్ని స్వయంకృషితో చదువుకొన్నారు. అయినా 1946లో బ్రిటిషు మంత్రుల బృందంతో సంప్రదింపులలో ఉర్దూలోనే మాట్లాడి దుభాషి ద్వారా చెప్పించారు. దానిని ఎవరూ లోపంగా ఎంచలేదు. మరొక విశేషం, ఆయన జనసందోహాన్ని ఇష్టపడే మనిషి కారు. తెల్లవారుజామున లేచి ఒంటరిగా తేనీరు సేవించడం ఆయనకు ప్రాణం. అహమద్‌నగర్ కోటలో బందీగా వ్రాసిన లేఖల సంపుటి గుబారె ఖాతిర్ చదివినవారికి ఇది తెలుసు. బిడియస్తులు దీనిని గమనించాలి.

1912లో అల్ హిలాల్ పత్రిక, పిమ్మట రాంచీ నిర్బంధం, ముప్పై అయిదేండ్లు నిండకమునుపే 1923లో కాంగ్రెసు అధ్యక్ష పదవి, ఇవన్నీ చరిత్ర పుస్తకాలలో ఉన్నవే.

ఆ వాక్కుకు అసలు పరీక్ష 1947 అక్టోబరులో వచ్చింది. దేశం రెండుగా చీలింది. ఢిల్లీ ముస్లిములు ఇండ్లు విడిచి పురానా ఖిలాలో, హుమాయూన్ సమాధి ఆవరణలో తలదాచుకొన్నారు. ఎందరో మూటలు కట్టుకొని సరిహద్దు దాటుతున్నారు. ఒకప్పుడు తన మాటను పెడచెవిన పెట్టిన ఆ జనం ఎదుటనే జామా మసీదులో ఆయన నిలబడ్డారు. ఓదార్పుతో సరిపెట్టలేదు, నిష్ఠురంగా మందలించారు. ఎక్కడికి పోతున్నారు, ఎందుకు పోతున్నారని నిలదీశారు, భయం మానుకొమ్మన్నారు. కట్టిన మూటలు విప్పుకొన్నవారు ఉన్నారని పెద్దలు చెప్పుకొంటారు.

స్వతంత్ర భారతదేశపు తొలి విద్యామంత్రిగా కడవరకు పనిచేసి, 1958 ఫిబ్రవరి 22న ఆయన పరమపదించారు. ఆ జామా మసీదుకు, ఎర్రకోటకు నడుమ ఆయనను ఖననం చేశారు.